40 మందిమి మిగిలాం, వచ్చే నెల ఓటింగ్ పెట్టాలా?

ప్రశ్న:

అన్నయ్య గారికి వందనాలు. మా సంఘం మొదలై 70 ఏళ్లు దాటింది. నా చిన్నప్పుడు ఆదివారం కాస్త ఆలస్యమైతే వెనకాల నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు 40 మందిమి వస్తున్నాం, అందులో సగానికి పైగా అరవై దాటినవాళ్లే. యవనస్తులు చదువులకీ ఉద్యోగాలకీ వెళ్లిపోయారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఫోన్‌లో ఆరాధన మొదలుపెట్టాం, కొందరు ఇక అక్కడే ఉండిపోయారు. మందిరం పైకప్పు కారుతోంది, బాగుచేయించడానికి డబ్బు లేదు. పాస్టర్ గారు వచ్చే ఏడాది రిటైర్ అవుతారు. వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో మూడింటి మీద ఓటింగ్ పెడుతున్నారు: అప్పు చేసి పైకప్పు వేయించి కొనసాగడం, ఇంకో సంఘంతో కలిసిపోవడం, మందిరం అమ్మేసి సంఘాన్ని ముగించడం. మొన్న కమిటీలో ఒక పెద్దావిడ "నేను పోయాక మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి" అని ఏడుస్తూ లేచి వెళ్లిపోయారు. నాకు సండే స్కూల్లో పాఠాలు చెప్పింది ఆవిడే. నేను కమిటీ సెక్రటరీని, వయసు 36. అందరూ నా వైపే చూస్తున్నారు. దేవుని చిత్తం ఏమిటో ఎలా తెలుస్తుంది? నేను దేనికి ఓటు వేయాలి?
– ఒక సహోదరి

సమాధానం:

సహోదరీ, వందనాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఆ పెద్దావిడ మాట దగ్గరే ఆగిపోయాను. ఆవిడ సంగతి చివర్లో మాట్లాడతాను. ముందు ఓటింగ్ గురించి.

దేనికి ఓటు వేయాలో నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. మీ సంఘాన్ని ఎరిగినవాళ్లు మీరు. కానీ ఒక మాట గట్టిగా చెబుతాను: వచ్చే నెల ఓటింగ్ పెట్టనివ్వకండి. అజెండా రాసేది సెక్రటరీయే కాబట్టి మూడు నెలల గడువు అడగండి. కారే పైకప్పు మూడు నెలలు ఆగదని ఎవరైనా అంటే, కారుతున్న చోట ప్రస్తుతానికి ఏదో ఒకటి కప్పించండి. లోపలికి నీళ్లు రాకుండా చూసుకోవడం ఒక పని, అప్పు చేసి కొత్త కప్పు వేయించడం ఇంకో పని. రెండూ కలిసిపోబట్టే మీ కమిటీకి ఇంత టెన్షన్.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు నేను ఒకసారి చేశాను. చాలా ఏళ్ల కిందట ఒక సంఘంలో పెద్దగా ఉన్నప్పుడు ఇలాంటి విషయం మీదే ఓటింగ్ పెట్టాం. కాగితం చీటీలు మడిచి కానుక సంచిలో వేయించాం. ప్రార్థన చేసుకునే బల్ల మీద ఆ సంచి బోర్లించి చీటీలు లెక్కపెట్టింది నేనే. 31 ఒక వైపు, 28 ఇంకో వైపు. గెలిచినవాళ్ల ముఖాల్లో కూడా సంతోషం కనబడలేదు. పై ఆదివారం ఎడమ వైపు మూడు బెంచీలు ఖాళీ. ఆ మూడు బెంచీల వాళ్లతో అంతకుముందు నెలంతా నేను మాట్లాడింది అకౌంట్ల గురించే. వాళ్లకి ఏం బాధ ఉందో ఒక్కసారీ అడగలేదు. తీర్మానం తప్పని నేను ఇప్పటికీ అనను. దాని దగ్గరికి మేం వెళ్లిన దారి తప్పు.

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం మీ కమిటీ అంతా కలిసి ఒకసారి నెమ్మదిగా చదవండి. సుమారు క్రీ.శ. 49లో యెరూషలేములో జరిగిన కూటం అది. అన్యజనుల్లోంచి వచ్చిన విశ్వాసులు సున్నతి పొందాలా, అక్కర్లేదా అన్నది ప్రశ్న. తాతముత్తాతల నాటి నిబంధన గుర్తు ఒక పక్క, తలుపు దగ్గర నిలబడ్డ కొత్తవాళ్లు ఒక పక్క. మీకున్న సమస్య కంటే అది చిన్నదేమీ కాదు. అక్కడ జరిగిన వరస చూడండి. ముందు బాగా వాదించుకున్నారు, ఆ గ్రంథం రాసిన లూకా ఆ సంగతి దాచలేదు. తర్వాత పేతురు లేచి, అన్యజనుల మధ్య దేవుడు చేసిన పని తాను చూసింది చూసినట్టు చెప్పాడు. అప్పుడు సమూహమంతా ఊరకుండి బర్నబా, పౌలు చెప్పేది విన్నారు. ఆ తర్వాత యాకోబు ఆమోసు ప్రవచనం తీసి, జరిగినదాన్ని వాక్యంతో సరిచూశాడు. ఇవన్నీ అయ్యాకే "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని ఉత్తరంలో రాయగలిగారు.

మీ కమిటీ వాదన దగ్గర్నుంచి నేరుగా తీర్మానం మీదికి దూకుతోంది. మధ్యలో ఉండాల్సిన సాక్ష్యం, మౌనం, వాక్యం మూడూ జారిపోయాయి. ఈ మూడు నెలలు వాటి కోసమే.

మొదటి నెల వినడానికి పెట్టుకోండి. సభ్యుల రిజిస్టర్ మీ దగ్గరే ఉంటుంది కదా. గత పదేళ్లలో రావడం మానేసిన పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఫోన్‌లో ఆరాధన చూసేవాళ్ల పేర్లు ఇంకో కాగితం మీద. కమిటీలో తలా ఐదారు పేర్లు పంచుకుని ఫోన్ చేయండి, వీలైతే వెళ్లి కలవండి. "ఎందుకు రావడం లేదు" అని మాత్రం మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే అవతలివాళ్లు సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెడతారు, అసలు మాట బయటికి రాదు. ఎలా ఉన్నారు, దేని కోసం ప్రార్థన చేయమంటారు, మన సంఘంలో మీకు ఎప్పుడు దేవుడు దగ్గరగా అనిపించాడు, ఎప్పుడు మనసు నొచ్చుకుంది, ఇవి అడగండి. విన్నది విన్నట్టు రాసుకోండి. జవాబు చెప్పకండి, సంఘాన్ని వెనకేసుకు రాకండి. అది చాలా కష్టం, నాకు తెలుసు.

ఫోన్‌లో చూసేవాళ్ల గురించి ఒక మాట. స్క్రీన్ మీద కనబడే వ్యూస్ లెక్క మీద ఏమీ కట్టుకోకండి, ఒక్క నిమిషం చూసి వదిలేసినవాళ్లూ అందులో ఉంటారు. అలాగని వాళ్లని వెనక్కి జారిపోయినవాళ్లుగా కూడా చూడకండి. మంచం మీద ఉన్నవాళ్లు, వాళ్లని చూసుకునేవాళ్లు, ఆదివారం డ్యూటీ ఉన్నవాళ్లు, గుంపులోకి రావాలంటే భయపడేవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. "సమాజముగా కూడుట మానక" అన్న హెబ్రీ పత్రిక మాటని వాళ్ల మీద దెబ్బలా వాడటం నేను చాలాసార్లు చూశాను. దాని ముందు వచనంలోనే ప్రేమ చూపడానికీ మంచి పనులు చేయడానికీ ఒకరినొకరు పురికొల్పుకోవాలని ఉంది. రాలేనివాళ్ల దగ్గరికి సంఘమే వెళ్లి కూడుకుంటే ఆ వచనం నెరవేరినట్టే.

యవనస్తుల విషయానికి వస్తే, పాటలు మార్చి గిటార్ పెడితే తిరిగొస్తారని మీ దగ్గరా ఎవరో ఒకరు అనే ఉంటారు. నేను ఆ మాట నమ్మను. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకి రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని గొడవ వచ్చింది. అప్పుడు ఎన్నుకున్న ఏడుగురి పేర్లు ఒకసారి పైకి చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరి వైపు నుంచి ఫిర్యాదు వచ్చిందో వాళ్ల చేతుల్లోనే పంపకం పెట్టారన్నమాట. మీ యవనస్తులకి మీరు ఇప్పటిదాకా ఏం అప్పగించారు? కుర్చీలు సర్దడం, మైకు చూసుకోవడం తప్ప డబ్బు విషయంలో, వాక్యం విషయంలో వాళ్ల మాటకి ఎప్పుడైనా బరువు ఉందా? 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ అనే క్రైస్తవ సన్యాసి తన మఠం కోసం రాసిన నియమావళిలో, ముఖ్యమైన విషయం వచ్చినప్పుడు అందరినీ పిలవాలని, తరచుగా ప్రభువు మేలైనదాన్ని చిన్నవాళ్లకే బయలుపరుస్తాడని ఉంది. అంత కట్టుదిట్టమైన మఠంలోనే చిన్నవాళ్లని పిలిచి అడిగారు. దూరంగా ఉన్న మీ పిల్లల్ని వీడియో కాల్‌లో కూర్చోబెట్టి అడగడం ఎంత పని?

వినాల్సినవాళ్లు బయట కూడా ఉన్నారు. 70 ఏళ్ల కిందట ఆ మందిరం చుట్టూ ఉన్న మనుషులు వేరు, ఇప్పుడున్నవాళ్లు వేరు అయ్యుంటారు. యేసు శిష్యుల్ని పంపినట్టు ఇద్దరిద్దరుగా వెళ్లి, మందిరానికి నడిచి రాగలిగినంత దూరంలో ఎవరు బతుకుతున్నారో చూసి రండి. కరపత్రాలు పట్టుకెళ్లకండి. ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లు, కొత్తగా వచ్చి భాష రానివాళ్లు, పిల్లల్ని చూసుకునే దిక్కులేక పనికి వెళ్లలేని తల్లులు కనబడతారు. చెరలో ఉన్నవాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరంలో, మీరున్న పట్టణం క్షేమం కోరండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉందని ఉంది. మందిరం పోగొట్టుకుని పరాయిచోట ఉన్నవాళ్లకి రాసిన మాట అది.

రెండో నెల కాగితాలకి. దీని గురించి ఎక్కువ చెప్పను, కానీ వదిలేయకండి. మందిరం ఎవరి పేర ఉందో, అమ్మాలంటే ఎవరి అనుమతి కావాలో, దాన్ని ఇచ్చినవాళ్లు ఏమైనా షరతు పెట్టారో ముందు తెలుసుకోండి. చాలా చోట్ల స్థలం పై సంస్థ పేరనో ట్రస్ట్ పేరనో ఉంటుంది, అమ్మే హక్కే స్థానిక సంఘానికి ఉండదు. మరమ్మతుకి ఎంత అవుతుందో ఇద్దరు ముగ్గురి దగ్గర రాయించుకోండి. గత ఐదేళ్ల కానుకలు, ఖర్చులు ఒకే కాగితం మీద పెట్టి, అకౌంట్లు తెలియనివాళ్లకి కూడా అర్థమయ్యేలా అందరి చేతికీ ఇవ్వండి. భయం ఎక్కువగా పుట్టేది తెలియని చోటే.

మూడో నెల కూడుకుని తేల్చుకోవడానికి. ఇక్కడ నాకు బాగా ఉపయోగపడిన పద్ధతి ఒకటి ఉంది. 1539లో ఇగ్నేషియస్ లొయోలా, ఆయన సహచరులు రోమ్‌లో ఉన్నారు. ఒక్కొక్కరినీ ఒక్కో చోటికి పంపే పరిస్థితి వచ్చింది. ఒకే సహవాసంగా ఉండాలా, తమలో ఒకరికి విధేయులుగా ఉండాలా అని దాదాపు మూడు నెలలు ఆలోచించారు. పగలు తమ పరిచర్య ఆపలేదు, రాత్రిళ్లు కూడుకునేవారు. ఎవరికివారు ప్రార్థించుకోవాలి, ఒకరినొకరు తమ వైపు తిప్పుకోకూడదు అని ముందే అనుకున్నారు. విధేయత సంగతి తేలనప్పుడు ఒక రోజు అందరూ అది ఎందుకు వద్దో చెప్పారు, మర్నాడు అందరూ ఎందుకు కావాలో చెప్పారు. మరుసటి ఏడాది యేసు సభగా, అంటే జెస్యూట్లు అనే కతోలిక సన్యాస సభగా, పోపు ఆమోదం పొందింది ఆ గుంపే.

మీ సంఘం ఏ శాఖదైనా ఈ పద్ధతి వాడుకోవచ్చు. "మందిరం అమ్మడం" తీసుకుంటే, ఒక సాయంత్రం అందరూ, అమ్మాలని పట్టుబట్టేవాళ్లతో సహా, అమ్మితే వచ్చే నష్టాలే చెప్పాలి. ఇంకో సాయంత్రం అందరూ, అమ్మకూడదనేవాళ్లతో సహా, అమ్మితే వచ్చే మేలే చెప్పాలి. మధ్యలో ఒకరి మాటకి ఇంకొకరు అడ్డు చెప్పకూడదు. ప్రతి ఇద్దరు ముగ్గురి తర్వాత రెండు నిమిషాలు నిశ్శబ్దం. ఇలా చేసిన ఒక కూటంలో నేను కూర్చున్నాను. అమ్మకానికి గట్టి వ్యతిరేకి అయిన ఒకాయన, తన వంతు వచ్చాక చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చుని, "అమ్మితే ఈ తాళాలు మోసే పని నాకు తప్పుతుంది, నేను అలిసిపోయాను" అన్నారు. అంతవరకూ ఆయన అలసట ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత వారం నుంచి తాళాలు ముగ్గురు పంచుకున్నారు.

సెక్రటరీగా మీరు చేయగలిగింది ఇంకోటి ఉంది. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు తమ కూటాల్లో ఓట్లు లెక్కపెట్టరు. కూటం ఎటు మొగ్గుతోందో, కూటాన్ని నడిపే క్లర్క్ అక్కడికక్కడే రాసి, పైకి చదివి వినిపిస్తారు. అందరూ అవును, ఇదే మన మాట అంటేనే అది నిలుస్తుంది. మీ నియమావళి ప్రకారం చివర్లో ఓటింగ్ తప్పనిసరి అయితే పెట్టండి. కానీ మినిట్స్ ఇంటికెళ్లి రాయకండి. అక్కడే రాసి, చదివి, ఒప్పించుకుని లేవండి. తర్వాత రాబోయే గొడవలు సగం అక్కడే తీరతాయి.

ఇక మీ మూడు దారులు. అప్పు చేసి కొనసాగాలనుకుంటే, ఆ పైకప్పు కింద వారంలో మిగతా ఆరు రోజులు ఏం జరగబోతోందో ముందు రాసుకోండి. రాయడానికి ఏమీ లేకపోతే ఆ అప్పు పిల్లల నెత్తిన పెట్టకండి. కలిసిపోవాలనుకుంటే, అలిసిపోయిన రెండు సంఘాలు ఏమీ మారకుండా ఒకే గదిలో కూర్చుంటే అలసట రెట్టింపవుతుందని గుర్తుంచుకోండి. ఆరు నెలలు కలిసి ఆరాధించి, కలిసి ఒక సేవ చేసి చూడండి, సంతకాలు తర్వాత.

ముగించడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని మీ ఉత్తరంలో ఓటమిలా రాశారు. సిరియాలో దూరా యూరోపోస్ అనే చోట 1930ల తవ్వకాల్లో ఒక ఇల్లు బయటపడింది. సుమారు క్రీ.శ. 240లో అక్కడి విశ్వాసులు ఆ ఇంట్లో రెండు గదుల మధ్య గోడ తీసేసి కూడుకునే గదిగా చేసుకున్నారు. మహా అయితే 70 మంది పడతారు. ఇంకో గదిలో బాప్తిస్మం కోసం తొట్టి కట్టుకుని, దాని వెనక గోడ మీద గొర్రెను భుజాన మోస్తున్న కాపరి బొమ్మ గీసుకున్నారు. ఇరవై ఏళ్లు కూడా గడవకముందే శత్రువులు వస్తున్నారని పట్టణం ప్రాకారాన్ని బలపరచడానికి ఆ ఇంటిని మట్టితో నింపేశారు. అక్కడితో ఆ సంఘం కథ అయిపోయిందని చెప్పాలి. కానీ ఆ తొట్టిలో బాప్తిస్మం పొందినవాళ్ల బాప్తిస్మం అబద్ధం అవుతుందా? సంఘానికి ఎక్కువ ఏళ్లు బతకమని ఆజ్ఞ లేదు, నమ్మకంగా ఉండమనే ఉంది. మీరు ముగించాల్సి వస్తే మర్యాదగా ముగించండి. బాప్తిస్మం, పెళ్లి రిజిస్టర్లు ఎవరికి అప్పగిస్తారో, ప్రతి ముసలివారినీ ఆదివారం ఎవరు తీసుకెళ్తారో, వచ్చిన డబ్బు ఏ పరిచర్యకి వెళ్తుందో అమ్మకానికి ముందే రాసిపెట్టండి. ఆ డబ్బుని ఇంకో రెండేళ్ల లోటు పూడ్చడానికి మాత్రం వాడకండి.

పాస్టర్ గారి మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. రిటైర్ అయ్యాక ఎక్కడ ఉండాలి, ఎలా బతకాలి అన్న దిగులు ఆయనకీ ఉంటుంది, పైకి చెప్పరు. ఆ విషయం విడిగా, ముందుగా తేల్చండి. అది తేలితే మిగతావి ఆయన నిబ్బరంగా వినగలుగుతారు.

దేవుని చిత్తం ఎలా తెలుస్తుందని అడిగారు. కలలూ స్వరాలూ నేను కాదనను, కానీ వాటి కోసం కాచుకుని కూర్చోకండి. ప్రకటన గ్రంథంలో ఏడు సంఘాలకి రాసిన మాటలు చదివితే నాకు ధైర్యం వస్తుంది. జీవిస్తున్నావన్న పేరు మాత్రమే ఉందని ప్రభువు గద్దించింది సార్దీస్‌ని. శక్తి కొంచెమే ఉన్న ఫిలదెల్ఫియని ఆయన తప్పుపట్టలేదు, ఎవరూ వేయలేని తలుపు నీ ముందు తీసి ఉంచానన్నాడు. ఏడు సంఘాల్లో ఒక్కదాన్ని కూడా ఎంతమంది ఉన్నారని అడగలేదు. మీ మూడు దారుల్లో ఏది మాట్లాడుకున్నప్పుడు ఇతరుల గురించి ఆలోచన పెరుగుతోందో, ఏది మాట్లాడుకున్నప్పుడు భయం, పగ పెరుగుతున్నాయో గమనించండి. అది ఒక్క రోజులో తెలియదు, కొన్ని వారాలు పడుతుంది. అన్నీ సరిగా చేసినా కొందరు విడిపోవచ్చు. పౌలు, బర్నబా విడిపోయింది అదే 15వ అధ్యాయం చివర్లోనే. ఎవరి విషయంలో విడిపోయారో ఆ మార్కునే చాలా కాలానికి పౌలు వెంటబెట్టుకుని రమ్మన్నాడు. వెళ్లేవాళ్ల కోసం ప్రార్థించి పంపండి, తిరిగొచ్చే దారి ఉంటుంది.

ఇప్పుడు మీ సండే స్కూల్ టీచర్ గారు.

ఎజ్రా గ్రంథం 3వ అధ్యాయంలో రెండో మందిరానికి పునాది వేసిన రోజు ఉంది. మొదటి మందిరాన్ని చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడ్చారు, మిగతావాళ్లు సంతోషంతో కేకలు వేశారు, ఏది ఏడుపో ఏది కేకో ఎవరికీ తెలియలేదు. ఆ ఏడుస్తున్నవాళ్లని ఎవరూ ఊరుకోమన్నట్టు లేదు, బయటికి పంపినట్టూ లేదు. మీ కమిటీలో ఆవిడ ఏడ్చి వెళ్లిపోతే ఎవరైనా వెనకాల వెళ్లారా? మీరు రాయలేదు.

ఆవిడ పాతదాన్ని పట్టుకుని వేలాడుతున్నారని మీ వయసువాళ్లకి అనిపించవచ్చు. ఆవిడ జీవితమంతా చేసిన సండే స్కూల్ ఒకప్పుడు సరికొత్త పని. 1780లో ఇంగ్లాండ్‌లోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ అలాంటి బడి పెట్టినప్పుడు, ఫ్యాక్టరీలు వచ్చి ఊళ్లు మారిపోతున్నాయి. వారమంతా పనిలో ఉండే పిల్లలకి ఆదివారం ఒక్కటే ఖాళీ, అందుకే ఆదివారం చదవడం నేర్పారు. విశ్రాంతి దినాన ఇదేం పని అని అడ్డుపడ్డవాళ్లూ ఉన్నారు. మారిపోతున్న లోకాన్ని చూసి సంఘం చేసిన పనికి ఆవిడ వారసురాలు. ఈ మూడు నెలల్లో మీకు ఆవిడ కంటే ఎక్కువ ఉపయోగపడేవాళ్లు ఉండకపోవచ్చు.

ఈ వారమే వెళ్లండి. ఫైలు పట్టుకెళ్లకండి, పైకప్పు మాట ఎత్తకండి. మీ తరగతిలో ఎవరెవరు ఉండేవారో, మొదటి రోజు మీకు ఏ వచనం నేర్పారో అడగండి. ఆవిడ దగ్గర పాత హాజరు పుస్తకం ఉంటే తీయించి, అందులో పేర్లు ఇద్దరూ కలిసి చదవండి. ప్రతి పేరు దగ్గరా ఆగి, ఇప్పుడు ఎక్కడున్నారో ఆవిడకి తెలిసింది చెప్పమనండి. ఫోన్ చేయాల్సినవాళ్ల జాబితా రాయడం అక్కడి నుంచి మొదలుపెట్టండి. మొదటి ఫోన్ ఆవిడ చేతే చేయించండి.